మామయ్య తెచ్చిన ఆచారం

అత్త పోయాక ఇది రాస్తున్నాను. ఆమె ఉండగా రాయడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు. పోయిన వానాకాలం చివర్లో ఒక మధ్యాహ్నం, కరెంటు పోయి రంగూన్‌లో మా తమ్వే వీధంతా జనరేటర్ల మోత మొదలైన వేళ, అత్త మనవరాలు థీరి ఫోన్ చేసింది. ఆ పిల్ల సెల్‌ఫోన్ల కొట్లో పనిచేస్తూ బోటాటౌంగ్‌లో అత్త దగ్గరే ఉండేది. తల్లీ తండ్రీ మాండలేలో ఉంటారు. ఆ పిల్లకి తెలుగు రాదు. అన్నం, నీళ్ళు, పడుకో లాంటి మాటలు వింటే తెలుస్తాయి, అంతే. బర్మీసులో గబగబా చెప్పింది: "ఫ్వాఫ్వా, మీరొకసారి రావాలి. అమ్మమ్మ నిన్నటి నుంచీ ఒకటే మాట అంటోంది. అది తెలుగే, మాకు అర్థం తెలీదు. నీళ్ళు పట్టాం, గంజి పట్టాం, దుప్పటి మార్చాం. ఏదీ కాదని తల అడ్డంగా ఊపుతోంది. మీరు వింటే తెలుస్తుంది." ఇక్కడ అమ్మమ్మ వయసున్న ఆడదాన్ని ఎవరినైనా ఫ్వాఫ్వా అనే పిలుస్తారు. నాకు అలవాటైపోయింది గాని, మొదట్లో ఒళ్ళు మండేది.

ఇలాంటి పిలుపులు నాకు కొత్త కాదు. బతుకంతా సర్కారు బడిలో బర్మా పిల్లలకి భూగోళం చెప్పి రిటైరైనదాన్ని. మా వాళ్ళలో తెలుగు పూర్తిగా వచ్చినవాళ్ళు తగ్గిపోయే కొద్దీ నాకు ఈ రెండో ఉద్యోగం వచ్చి పడింది. ఏ ఇంట్లో ముసలివాళ్ళు మంచాన పడ్డా నన్ను దుబాసీగా పిలుస్తారు. ఆఖరి రోజుల్లో వాళ్ళ నోట్లోంచి బర్మీసు ముందు జారిపోతుంది. చిన్నప్పటి తెలుగు మిగులుతుంది. చుట్టూ ఉన్న పిల్లలు బిక్కమొహాలు వేసుకుని చూస్తారు. నేను వెళ్ళి, ఆవిడకి చింతపండు చారు కావాలట, ఆయనకి కాళ్ళు లాగుతున్నాయట అని చెప్పి వస్తుంటాను. ఆ రోజూ అలాగే అనుకుని, గొడుగు పట్టుకుని బస్సెక్కాను.

అత్త పక్క మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కిటికీలోంచి నది వాసన, బురదా డీజిలూ కలిసిన వాసన వస్తోంది. నేను మంచం పట్టె మీద కూర్చునే లోపే మళ్ళీ అంది ఆ మాట. దానికి అర్థమేమీ లేదు, అదొక పేరు. అత్త కొడుకు పేరు, నా మేనబావ పేరు. యాభై ఏళ్ళకి పైగా ఆ ఇంట్లో ఎవరూ పలకని పేరు. ఆ పిల్లవాడు పోయాక పుట్టిన కూతురికీ తెలీదు, ఆ కూతురికి పుట్టిన థీరికి అసలే తెలీదు. వాళ్ళు అర్థం వెతుక్కున్నారంటే వాళ్ళ తప్పేముంది! ఆ పేరు ఇక్కడ రాయడానికి నాకింకా చెయ్యి రావడం లేదు. కొంచెం దూరం పోనివ్వండి, రాస్తాను.

మా అమ్మమ్మ ఇల్లు అదే ఇల్లు, అప్పటి కర్ర మేడ. మా తాత కళింగపట్నం దగ్గర పల్లె నుంచి బియ్యం బస్తాలు మొయ్యడానికి, మా వాళ్ళు రంగం అనే ఈ రంగూన్ వచ్చి, ఇక్కడే ఉండిపోయిన మనిషి. మా నాన్న నది అవతల ట్వంటేలో కుండల కొట్లో పనిచేసేవాడు. అక్కడ మంచి బడి లేదని నన్ను బోటాటౌంగ్‌లో అమ్మమ్మ దగ్గర వదిలారు. పొద్దున్నే మెలకువ రావడమే వాసనలతో వచ్చేది. కింద వీధిలో మొహింగా అమ్మే ఆవిడ చేప పులుసు మూత తియ్యడం, పక్క వాటాలో నప్పి అనే చేపల ముద్ద వేయించడం, పెరటి రాతి మీద మా అత్త మొహానికి పూసుకునే తనకా చెక్క అరగదీయడం, ఇవన్నీ ఒకటి తరవాత ఒకటి మేడెక్కేవి. అన్నిటి మీదా అమ్మమ్మ చుట్ట పొగ. అమ్మమ్మది అడ్డపొగ. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, ఆ నోటితోనే మమ్మల్ని తిట్టేది. బర్మా ఆడవాళ్ళూ చుట్ట తాగుతారు గాని ఇలా నిప్పు మింగడం చూసి హడలిపోయేవారు. దీపం పెట్టేటప్పుడు మాత్రం చుట్ట తీసి గుమ్మం అవతల పెట్టి, నోరు పుక్కిలించి, దేవుడి గూటి ముందు కూర్చుని కొండ దేవుణ్ణి పేరుపెట్టి గట్టిగా పిలిచేది. ఆ పేరే మనవడికి పెట్టుకుంది. అందుకని పొద్దున్నే ఆవిడ దేవుణ్ణి పిలిస్తే, లోపల పక్క మీంచి వీడు నిద్రలోనే "ఓయ్" అనేవాడు. అమ్మమ్మ నవ్వాపుకుని, "నిన్ను కాదురా ఎదవా, ఆ పెద్దోడిని" అనేది.

మామయ్య, అంటే అమ్మమ్మ కొడుకు, ఓడ మనిషి. ఇంజను గదిలో యంత్రాలకి నూనె పోసే పని. ఏడాదికో రెండేళ్ళకో వచ్చేవాడు, ఆయనతో ఒక రేకు పెట్టె వచ్చేది, ఆ పెట్టె తెరిస్తే కలరా ఉండల వాసనా ఇంజను నూనె వాసనా ఇల్లంతా. మా వాళ్ళలో చాలామంది సామాన్లు సర్దుకుని ఇండియా ఓడ ఎక్కేస్తున్న రోజులవి. తెలుగు బడి మూతపడింది. ఇవాళ ఉన్న ఇరుగు రేపు ఉండేది కాదు. మామయ్య ఆ ఏడు రావలసిన వానాకాలానికి రాలేదు. జాబు కూడా లేదు. అత్త మొక్కని దేవుడు లేడు, పగోడాకి కూడా వెళ్ళి దీపాలు పెట్టింది. చివరికి ఎండలు ముదిరాక, సగమైపోయి, మెడ ఎముకలు బయటికొచ్చి, పెట్టె కూలీ చేత మోయించుకుని మెట్లెక్కాడు. ఎక్కడో భూమి అడుగున, దక్షిణ ధ్రువానికి దగ్గర్లో, జబ్బు చేస్తే ఓడ ఆయన్ని రేవులో దింపేసి పోయిందట. చలికాలమంతా ఒక పూటకూళ్ళ ఇంట్లో పడి ఉన్నాడట.

ఆ పెట్టెలోంచి ఈసారి గడియారాలూ సబ్బులూ రాలేదు. ఒక పెద్ద తోలు దుప్పటి వచ్చింది. లోపలి వైపు లేత గోధుమరంగు బొచ్చు, పట్టుకుంటే చెయ్యి మునిగిపోయేంత మెత్తన. పై వైపు ఎర్ర రంగూ నీలమూ పసుపూ గీతలు, మెట్లు మెట్లుగా, మూలమూలకీ చిన్న చిన్న గళ్ళు. ఒంటెకి తమ్ముడు లాంటి ఒక జంతువు తోళ్ళట, చిన్న చిన్న ముక్కలు కలిపి నరంతో కుట్టినవి. అమ్మమ్మ దూరంగా నిలబడి వాసన చూసింది. "సచ్చినదాని తోలు దేవుడి గూటి కాడ ఎట్టకు. బైట ఆరెయ్యి" అంది. పది రోజులు పోయాక మధ్యాహ్నం ఆవిడే దాని మీద మోకాళ్ళు చాపుకుని పడుకుని కనిపించింది. అడిగితే, "కీళ్ళకి ఎచ్చగుంటే పడుకున్నాను, నీకేటి?" అని కసిరింది. సాయంత్రం అయ్యేసరికి అది మా ఇద్దరిదీ, నాదీ బావదీ. వాడు దాన్ని తల మీద నుంచి కప్పుకుని మేడంతా తిరిగేవాడు. రంగూన్ ఎండలో, చెమటలు కారిపోతూ.

మామయ్య కోలుకుంటున్న ఆ రోజుల్లో దీపాలు పెట్టాక మా అందరికీ ఆ మనుషుల సంగతి చెప్పేవాడు. తెహుయెల్చే అని ఒక జాతి. మా ఇంట్లో వాళ్ళకి "పొడుగోళ్ళు" అని పేరు స్థిరపడిపోయింది, ఎందుకంటే మామయ్య మొదటి మాటే, మనిషికీ మనిషికీ నా ఎత్తు మీద ఇంకో తల ఉంటాది అని. ఆ దేశంలో చెట్టు లేదు, గాలి ఒకటే. తోళ్ళతో గుడారాలు, వాటిని వెయ్యడం పీకడం అంతా ఆడవాళ్ళ పని. మగవాళ్ళు గుర్రాల మీద పోయి, తాడుకి కట్టిన రాతి గుండ్లు విసిరి జంతువుల కాళ్ళకి చుట్టేసేవారు. తరవాత గొర్రెల దొరలొచ్చారు, తీగె కంచెలు వేశారు, వేటాడే నేల పోయింది. పూటకూళ్ళ ఇంట్లో బట్టలుతికే ముసలావిడ ఆ జాతిది. ఆ తోలు కుట్టిందీ రంగులేసిందీ ఆవిడే. చేతుల్లో బలం పోయింది, ఇంక కుట్టలేను, నువ్వు చలికి వణుకుతున్నావు, పట్టుకుపో అని ఇచ్చేసిందట.

"ఆవిడ పొయ్యి కాడ కూకుని ఆవిడ మాటలోనే మాటాడీది. పిల్లలున్నారు, కానీ ఆళ్ళకి రాదు. బళ్ళో ఆ మాట మాటాడితే కొట్టీవోరట. అందుకని పిల్లలకి నేర్పనేదు ఆవిడ. ఇదంతా నాకు జొరం తగ్గినాక ఆళ్ళే ఇంగిలీసు ముక్కల్లో సెప్పినారు" అని మామయ్య చెప్పేవాడు. "నాకు జొరంలో తెలుగు తప్ప ఏటీ వచ్చీది కాదు. ఆవిడది ఆవిడ మాటాడీది, నాది నాను మాటాడీవోడిని. ఒక ముక్క అరదం అవ్వలేదు పారోతీ. కానీ పడుకునీటప్పటికి ఇద్దరికీ కడుపు నిండినట్టుండీది." ఆయన నన్ను పారోతి అనే పిలిచేవాడు. పార్వతిని నేనే. ఈ ముక్క చెప్పేటప్పుడు మామయ్య గొంతు తేడాగా ఉండేది. మేము పిల్లలం, మాకు గుర్రాల కథ కావాలి, ఇదేమిటని విసుక్కునేవాళ్ళం.

కొన్ని మాటలు ఆయన నేర్చుకొచ్చాడు. నిప్పు అంటే యాయిక్. ఇల్లు అంటే కౌ. ఆ తోలు జంతువు నౌ. ఇంకా ఉన్నాయి, నాకిప్పుడు గుర్తు రావడం లేదు. బావా నేనూ వాటిని పట్టుకుని మా గుట్టు భాష చేసుకున్నాం. వెనక సందులో బస్తాలు కప్పి గుడారం వేసి, దానికి కౌ అని పేరు పెట్టాం. అమ్మమ్మ చుట్ట దొంగిలించాలంటే "యాయిక్" అని గొణిగేవాడు, నేను గుమ్మం దగ్గర కాపలా. సందులో పిల్లలకి తెలుగూ వచ్చు, బర్మీసూ వచ్చు, కొందరికి ఒడియా వచ్చు. ఇది మాత్రం మాకే వచ్చని తెగ మిడిసిపడేవాళ్ళం. నేను వాణ్ణి "ఒరే" అని పేరుతో పిలిచేదాన్ని. "మొగుడు కావలసినోణ్ణి ఒరే అంటావేటే గుంటా!" అని అమ్మమ్మ జడ పట్టుకుని లాగేది. మేనరికం చెయ్యాలని వాళ్ళకుండేది. మాకు సిగ్గు కూడా తెలీని వయసు.

వానలు వెనకబట్టిన రోజుల్లో వాడు పోయాడు. సేక్కాన్ రేవులో నాటు పడవల మీంచి దూకి ఈదడం మా పేట మగపిల్లలందరికీ అలవాటే. అందరూ దూకారు, అందరూ పైకి తేలారు, వాడు తేలలేదు. పోటు మీదుంది నది. మర్నాడు ట్వంటే కాలవ మొగలోంచి కుండలేసుకుని వస్తున్న పడవ వాళ్ళు తీసుకొచ్చారు. నన్ను చూడనివ్వలేదు. మామయ్య ఓడెక్కడానికి ఇంకా నెల ఉంది, ఇంట్లోనే ఉన్నాడు. ఆ రోజే మట్టి చేసేశారు.

అత్త మాత్రం సాయంకాలమయ్యేసరికి రేవుకి వెళ్ళేది. మెట్ల మీద నిలబడి, నీళ్ళకేసి చూస్తూ, వాణ్ణి పేరుపెట్టి పిలిచేది. అన్నం వేళైతే రోజూ ఎలా పిలిచేదో అలాగే, కొంచెం విసుగు కూడా కలిపి. ఏడుస్తూ పిలిచినా బాగుండేదేమో. కూలీలు బస్తాలు దించేసి తల తిప్పుకుని నిలబడేవారు. మామయ్య వెళ్ళి జబ్బ పట్టుకుని తీసుకొచ్చేవాడు. మర్నాడు మళ్ళీ అదే. ఆయన ఆ పిలుపు విని ఎలా నలిగిపోయేవాడో నేను మెట్ల దగ్గర కూర్చుని చూసేదాన్ని. ఒకసారి చెవులు రెండూ మూసుకుని గోడకి తల ఆనించాడు.

పెద్దదినం ముందు రోజు పొద్దున్న, మామయ్య వెనక సందులో నూనె పీపా ఒకటి నిలబెట్టి మంట వేశాడు. వాడి చొక్కాలు, బడి సంచి, బొంగరం, బెత్తం బంతి, వాడి ఫోటో ఉన్న ఒకే ఒక్క పటం, అన్నీ తెచ్చి అందులో వేస్తున్నాడు. అమ్మమ్మ చుట్ట పారేసి పరిగెత్తుకొచ్చింది.

"ఏట్రా ఇది? పిల్లడి సొక్కాలు కాల్సీసినావా? రేపు దినం కాడ ఆడి ముందర ఏటెడతావు?"

"ఏటీ ఎట్టను. ఈ ఇంట్లో ఇంక ఆ పేరు ఎవులూ ఎత్తకండి."

"పేరెట్టకుండా ఎలగ ఏడిసీదిరా? పేరెట్టి ఏడవకపోతే అది ఏడుపేనా?"

"అమ్మా, నీకు దండం ఎడతాను. ఆ పొడుగోళ్ళ ముసలావిడ కొడుకు కూడా ఇలగే పోనాడు. ఆడి సామాను కాల్సీసింది, మరి పేరెత్తనేదు. ఆళ్ళ ఆచారం అది. పేరెట్టి పిలిత్తే పోయినోడు ఎనక్కి తిరుగుతాడట. తిరిగితే దారి తప్పిపోద్ది. అటూ కాకుండా ఇటూ కాకుండా అయిపోతాడు."

"ఆళ్ళ ఆచారం ఆళ్ళది! మనోళ్ళు కూడెట్టి, పేరెట్టి పిలుత్తారు. కాకొచ్చి ముడతాది. ఎక్కడిదో ఆచారం తెచ్చి నా మనవడికి కూడు నేకుండా సేత్తావేటి?"

గుమ్మంలో కూర్చున్న అత్త అప్పుడు తల ఎత్తింది. "నాను పిలిత్తే ఆడు ఎనక్కి తిరుగుతాడా?" అని అడిగింది. మామయ్య మంటకేసి చూస్తూ తలూపాడు. "మరి ఇన్నినాళ్ళూ పిలిసినాను కదా. ఎక్కడ దాకా ఎల్లి తిరిగినాడో!" అంది అత్త. "ఇంక పిలకు. ఇంక తిన్నగా ఎల్లిపోతాడు" అన్నాడు మామయ్య. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. అమ్మమ్మ ఇంకేదో అనబోయి, కోడలి మొహం చూసి ఆగిపోయింది. చివరికి మామయ్య మేడెక్కి ఆ తోలు దుప్పటి తెచ్చాడు. వాడు దాంట్లోనే పడుకునేవాడు. అది పీపాలో పట్టలేదు, కర్రతో లోపలికి తోశాడు. ముందు బొచ్చు అంటుకుంది. ఎర్ర గీతలు బుడగలెత్తి, నల్లబడి, ముడుచుకుపోవడం నేను చూశాను. ఆ కంపు మా సందులో వారం రోజులుంది.

ఆ తరవాత ఆ పేరు ఎవరూ ఎత్తలేదు. ఇంత కచ్చితంగా ఒక ఆచారం పాటించిన ఇల్లు మా కులంలో ఇంకోటి ఉండి ఉండదు, అదీ మనది కానిది. అమ్మమ్మకి అన్నిటికన్నా కష్టమైంది. దేవుడి పేరూ మనవడి పేరూ ఒకటే కదా. మర్నాడు పొద్దున్న దీపం పెట్టి, అలవాటుగా నోరు తెరిచి, పిలవబోయి, ఆగిపోయింది. ఆ రోజు నుంచి పోయేవరకూ "కొండమీద తండ్రీ" అనే పిలిచింది. పుట్టినప్పటి నుంచీ పిలుచుకున్న దేవుడి పేరు కోడలి కోసం మానేసిన మనిషి ఆవిడ. ఏ పురాణంలోనూ ఆవిడ గురించి ఉండదు గనక నేనైనా రాస్తున్నాను.

నా సంగతి ఎవరూ పట్టించుకోలేదు, పట్టించుకోవలసిన పనీ లేదు. నాకు యాయిక్ అనడానికి మనిషి లేకుండా పోయాడు. ఒక్కదాన్నే సందులోకి వెళ్ళి బస్తా కింద కూర్చుని కౌ, నౌ అని అనుకునేదాన్ని. జవాబు రాని భాష నోట్లో ఎంతసేపుంటుంది? కొన్నాళ్ళకి అటు వెళ్ళడం మానేశాను. మామయ్య మళ్ళీ ఓడెక్కాడు, ఎక్కుతూనే ఉన్నాడు, ఆడపిల్ల పుట్టింది, పెరిగింది, బర్మా కుర్రాణ్ణి చేసుకుంది. మామయ్య ఒకనాడు భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, కూర్చున్నచోటే పోయాడు. ఎప్పుడైనా అత్తా నేనూ ఇద్దరమే ఉన్నప్పుడు ఆ పేరు మా మధ్య వచ్చి కూర్చునేది. ఇద్దరం కూరల ధరలు మాట్లాడుకునేవాళ్ళం.

ఇప్పుడు అరచేతిలో ఫోనుంది, ప్రపంచమంతా అందులో ఉందంటారు. రిటైరయ్యాక ఒకరోజు పొడుగోళ్ళ గురించి వెతికాను. తెహుయెల్చే అన్నది పక్క జాతివాళ్ళు పెట్టిన పేరట. తమని తాము దక్షిణాది మనుషులం, అవోనికెంక్ అనుకునేవారట. ఆ భాషలో పుట్టి పెరిగిన ఆఖరి మనిషి, ఒక ముసలావిడ, కొన్నేళ్ళ క్రితమే పోయింది. మామయ్య చెప్పిన బట్టలుతికే ఆవిడకి మనవరాలి వయసుండొచ్చు. చివరి ఏళ్ళల్లో ఆవిడ గొంతు రికార్డు చేశారు. ఇప్పుడు ఆ జాతి పిల్లలు కొందరు అది విని ఒక్కొక్క మాటా నేర్చుకుంటున్నారట. చదువుతూ ఉంటే నాకు వాళ్ళ మీద అసూయ వేసింది. మా అత్త తెలుగు ఎవడు రికార్డు చేస్తాడు? తెలుగుకేం, సముద్రానికి అవతల కోట్ల మంది ఉన్నారు, అది చావదు. అత్త మాట్లాడిన తెలుగు, "ఏటి" అనీ "నేదు" అనీ మధ్యలో బర్మీసు ముక్క తగిలిస్తూ రేవు మెట్ల మీద పెరిగిన తెలుగు, మాతో సరి. అప్పట్లో ఆ మేడ మీద పొద్దున్న లేస్తే తెలుగు తిట్లే ముందు వినిపించేవి. ఇప్పుడు అదే ఇంట్లో అత్త ఒక మాటంటే అర్థం చెప్పడానికి నేను బస్సెక్కి రావలసి వచ్చింది.

ఆచారం గురించి కూడా వెతికాను. పోయినవాళ్ళ సామాను కాల్చడం ఉంది. పేరు పలకకపోవడం ఉంది. పిలిస్తే వెనక్కి తిరుగుతారనీ, దారి తప్పుతారనీ మాత్రం ఎక్కడా దొరకలేదు. ఎంత వెతికినా లేదు. ఆ ముక్క ముసలావిడ చెప్పిందా, లేక రేవు మెట్ల మీద పెళ్ళాం గొంతు వినలేక మామయ్యే కల్పించి అతికించాడా? అడగడానికి మామయ్య లేడు. అత్తకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. చెప్పి మాత్రం ఏం చేసేదాన్ని?

ఆ మధ్యాహ్నం ఇదంతా అత్త మంచం పట్టె మీద కూర్చుని తలచుకుంటున్నాను. థీరి గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. "ఏమిటి ఫ్వాఫ్వా? ఏం కావాలంటోంది?" అంది. "అది మాట కాదమ్మా. మీ అమ్మకి అన్న, మీ మామయ్య పేరు" అన్నాను. "నాకు మామయ్య ఉన్నాడా?" అంది ఆ పిల్ల. గ్లాసు కింద పెట్టి మంచం దగ్గరికి వచ్చింది. పెద్ద వయసు కదా, మతి తప్పింది, ఒట్టు మరిచిపోయింది అని నేను అనుకుంటూ, అత్త చెయ్యి పట్టుకుని, "అత్తా, ఆ పేరెత్తకూడదు కదా" అని మెల్లగా అన్నాను.

అత్త ఇటు తిరిగింది. కళ్ళు తేటగా ఉన్నాయి. "నాకు మతి పోనాదనుకుంటన్నావా పారోతీ?" అంది.

"అది కాదత్తా."

"ఇన్నేళ్ళూ నోరు కట్టుకున్నాను. ఆడు ఎనక్కి తిరక్కూడదు, తిన్నగా ఎల్లాల అనీసి. కన్నకూతురికి కూడా సెప్పనేదు. ఇప్పుడు నానూ బయల్దేరినాను కదే. ముందెల్లిపోనోడు ఎక్కడున్నాడో నాకేటి తెలుసు? కుర్రోడు, కాళ్ళలో బలమున్నోడు, ఎంత దూరం ఎల్లుంటాడు! ఒక్కపాలి తిరగాల. తిరిగితే నన్ను సూత్తాడు. నిలబడతాడు." ఆయాసం వచ్చి ఆగింది. "నిన్నటి నుంచీ పిలుత్తన్నాను. నా గొంతు గుమ్మం దాటదు. నువ్వు పిలవే. నీ గొంతు ఆడెరుగును."

నా గొంతు వాడెరగడు. వాడెరిగిన గొంతు చిన్నపిల్లది. ఇది బడిలో అరిచి అరిచి బొంగురుపోయిన ముసలి గొంతు. మామయ్య కల్పన అయి ఉండొచ్చన్న సంగతి కూడా నాలుక చివర దాకా వచ్చింది. అత్త నా మొహంలోకే చూస్తోంది. పేటలో పిల్లలు చూస్తారేమో, ఈ వయసులో ఏమిటిదంతా అని సిగ్గేసింది కూడా, అబద్ధమెందుకు? లేచి కిటికీ రెక్కలు పూర్తిగా తెరిచాను. ఇళ్ళ సందులోంచి కొంచెం నది కనిపిస్తోంది, అవతల గట్టుకి పోయే లాంచీ మనుషుల్ని నింపుకుంటోంది. నోరు తెరిస్తే, ఎక్కడ దాక్కుందో ఇన్నేళ్ళూ, అమ్మమ్మ జడ పట్టి లాగిన ఆ పిలుపే వచ్చింది.

"ఒరే సిమ్మాద్రీ! ఆగరా! మీ యమ్మ వత్తంది!"

కింద టీ కొట్టు ముందు కూర్చున్నవాళ్ళు తలలెత్తి చూశారు. నా వెనక థీరి ఆ పేరుని లోగొంతుకతో, బర్మీసు యాసలో, ఒకసారి అనుకుని చూసుకుంది. అత్త తల కొంచెం పైకెత్తి, నదివైపు చెవి పెట్టి విన్నది.

"ఇంకోపాలి" అంది.

ఇంకోసారి పిలిచాను.